మీ ప్రశ్నలు: మిరప నల్లి, కుక్క గోమారి, ఎలుకల మేడమ్

పోయిన సంచికలో స్క్రబ్ టైఫస్ గురించి, అంటే గడ్డిలో ఉండే ఒక నల్లి పిల్ల (మంచంలో నల్లి కాదు) కుట్టి వచ్చే జ్వరం గురించి, నేను రాసిన నాలుగు ముక్కలకు ఇన్ని ఉత్తరాలొస్తాయని సంపాదకులూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. గుంటూరులో ఒక ల్యాబులో కూర్చుని, పురుగూపుట్రా కుట్టి వచ్చే జ్వరాల మీద పనిచేసేదాన్ని నేను. రోగులు నా దగ్గరికి రారు, వాళ్ల రక్తం వస్తుంది. కాబట్టి “ఫలానా మాత్ర వేసుకోమంటారా” అని అడిగినవాళ్లకు ఇక్కడ జవాబు ఉండదు, మీ డాక్టరునే అడగండి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాను. ఊళ్ల పేర్లు ఉంచి మనుషుల పేర్లు తీసేశాను.

మేడమ్ గారూ, నల్లి కుట్టి జ్వరం వస్తుందని రాశారు. మాది నాలుగెకరాల మిరప. ప్రతి ఏడూ తెల్లనల్లితో చస్తూనే ఉన్నాం. మీరు రాసింది మా అబ్బాయి చదివి వినిపించిన దగ్గర్నుంచీ కూలీలు చేలో దిగబోమంటున్నారు. ఇదీ అదీ ఒకటేనా?
— మిరప రైతు, ప్రత్తిపాడు మండలం

కాదండీ. మీ కూలీలకు ఈ జవాబు కూడా చదివి వినిపించండి. మిరపకు కింది ముడత తెచ్చే తెల్లనల్లి ఆకు రసం తాగి బతికేది. మనిషి జోలికి రాదు. ఇదీ, జ్వరం తెచ్చేదీ రెండూ నల్లులే, సాలీడూ గోమారీ కూడా ఆ బంధువర్గంలోవే, అంతవరకే చుట్టరికం.

అయితే కూలీల భయం పూర్తిగా ఉత్తిదీ కాదు. జ్వరం తెచ్చే నల్లి ఉండేది ఎక్కువగా చేలో కాదు, గట్టు మీద. గట్టు మీది గడ్డిలో, కాలవ పక్క తుప్పల్లో, ఎవరూ పట్టించుకోని బీడులో. పెద్ద నల్లి మనల్ని కుట్టదు. మట్టిలో తిరుగుతూ పురుగుల గుడ్లు తిని బతుకుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లతోనే చిక్కు. మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది, ఆరు కాళ్లు, కంటికి ఆనదు. పెద్దదవ్వాలంటే ఒక్కసారి ఏదో ఒక జంతువు ఒంటి మీద భోంచెయ్యాలి. గడ్డి పరక కొస దాకా ఎక్కి కూర్చుంటుంది. ఎలుక వస్తే ఎలుక, చుంచు వస్తే చుంచు, కలుపు తీసే మనిషి వస్తే మనిషి. రక్తం కూడా తాగదు, చర్మాన్ని కాస్త కరిగించి ఆ రసం పీలుస్తుంది.

నన్ను ఈ పనిలోకి లాగింది ఇందులో ఉన్న ఒక మెలిక. దోమ ఈ మనిషినీ కుడుతుంది, ఆ మనిషినీ కుడుతుంది, అందుకని జబ్బు మోస్తుంది. ఈ పిల్లనల్లి జన్మలో కుట్టేది ఒక్కరినే. మరి దానికి జబ్బు ఎక్కడిది? తల్లి ఇచ్చింది. సూక్ష్మజీవి గుడ్డులోనే ఉంటుంది. తల్లి నుంచి పిల్లకు, ఆ పిల్ల పెరిగి పెడితే దాని పిల్లకు. అందుకే ఒక గట్టు మీద ఉంటుంది, పదడుగుల అవతల గట్టు మీద ఉండదు. ఊరంతా తిరిగినా, అంతటా అదే గడ్డి, అదే మట్టి అయినా, ఇవి ఒకచోటే దొరుకుతాయి. ఇంకోటి: ఎలుకల్ని చంపేస్తే పోతుంది కదా అని నలుగురైదుగురు రాశారు. ఎలుకలు పోతే నల్లి పోదు, ఆకలి మీదున్న పిల్లలకు మీ కూలీల కాళ్లే మిగులుతాయి. ముందు గడ్డి కొట్టించండి, ఎలుకల సంగతి ఆ తర్వాత.

చేలో పని మానక్కర్లేదు. మధ్యాహ్నం అన్నానికి కూర్చునేటప్పుడు గడ్డి మీద చతికిలబడకుండా ఒక పట్టా పరుచుకోమనండి. విప్పిన చొక్కా, కండువా తుప్ప మీద ఆరెయ్యొద్దనండి. పాదాలకూ పిక్కలకూ దోమల క్రీము రాసుకుంటే దీనికీ పనిచేస్తుంది. పిల్లనల్లి ఎక్కీ ఎక్కగానే కుట్టదు, బట్ట బిగుసుకునే చోటు వెతుక్కుంటూ పాకుతుంది. ఇంటికి రాగానే ఆ బట్టలు విప్పేసి, ఒళ్లు రుద్దుకుని స్నానం చేస్తే చాలావరకు పోతుంది. రాగానే టీ తాగి, టీవీ చూసి, ఏ తొమ్మిదింటికో నీళ్లు పోసుకునేవాళ్లకు మాత్రం ఈ లాభం ఉండదు. వానలు వెళ్లాక గడ్డి ఏపుగా ఉండే సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఈ జ్వరాలెక్కువ. మీకు అదే కలుపు తీతల కాలం.

మా అత్తగారికి 68 ఏళ్లు. జ్వరమొచ్చిన మూడో రోజున విడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. ఐదు రోజులు ఇంజెక్షన్లు చేశారు, తగ్గలేదు. ప్లేట్‌లెట్లు పడిపోయాయని డెంగీ అనుమానమన్నారు. చివరికి గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తే నర్సమ్మ నడుం దగ్గర నల్ల మచ్చ చూసి డాక్టరుగారిని పిలిచింది. స్క్రబ్ టైఫస్ అన్నారు. మాత్రలు మొదలుపెట్టిన రెండు రోజుల్లో జ్వరం దిగింది. టైఫస్, టైఫాయిడ్ ఒకటేనా? ముందు చూసినవాళ్లకు ఎందుకు తెలియలేదు?
— పాఠకురాలు, మంగళగిరి

ఒకటి కాదమ్మా. టైఫాయిడ్ తిండి వల్లా నీళ్ల వల్లా వచ్చే సాల్మొనెల్లా జ్వరం. టైఫస్‌లన్నీ పేనో, గోమారో, నల్లో, ఎలుకల మీద గెంతుతూ ఉండే ఫ్లీ అనే చిన్న పురుగో మోసుకొచ్చేవి.

విడాల్ సంగతి. మన ప్రాంతంలో ఎప్పుడో ఒకప్పుడు టైఫాయిడ్ సూక్ష్మజీవి తగలని మనిషి అరుదు. ఆ పాత గుర్తు రక్తంలో మిగిలి ఉంటుంది కాబట్టి, ఏ జ్వరంలో చేసినా విడాల్ కాగితం మీద ఏదో ఒక అంకె వస్తుంది. మూడో రోజున ఒక్కసారి చేసిన విడాల్‌ను పట్టుకుని టైఫాయిడ్ అని తేల్చడం నాకు ఒప్పుదల కాదు. రక్తం కల్చర్‌కు, అంటే అందులోని సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్షకు, పంపితే నిజం తెలిసే అవకాశం ఎక్కువ. టైఫాయిడ్‌కు మామూలుగా చేసే సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్ స్క్రబ్ టైఫస్ మీద పనిచెయ్యదు. అది బ్యాక్టీరియా గోడను పడగొట్టే మందు. ఈ సూక్ష్మజీవి మన కణాల లోపల దూరి కూర్చుంటుంది. అందుకే ఐదు రోజుల ఇంజెక్షన్లు వృథా అయ్యాయి. ప్లేట్‌లెట్లు డెంగీలో పడిపోతాయి, ఇందులోనూ పడిపోతాయి.

ఇక ఎందుకు తెలియలేదు అంటే, ఎవరూ చూడలేదు. ఇంతకంటే మెత్తగా నాకు చెప్పడం రాదు.

పిల్లనల్లి కుట్టినచోట వారం పది రోజులకు, జ్వరం వచ్చే వేళకు, బీడీ కాల్చి అదిమినట్టు నల్లటి చెక్కు కట్టిన మచ్చ ఒకటి లేస్తుంది. చుట్టూ కొంచెం ఎరుపు. నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే రోగికే తెలియదు. బట్ట బిగుసుకునే చోట, ఒళ్లు మడతపడే చోట ఉంటుంది: లంగా బొందు కట్టుకునే చోట, లోబట్టల అంచు కింద, గజ్జల్లో, చంకలో, రొమ్ముల కింద, చెవి వెనక. పిల్లల్లో తల వెంట్రుకల మధ్య కూడా చూశాం. చెమట పట్టే చోటైతే నల్లగా ఉండదు, చెక్కు ఊడిపోయి తెల్లటి చిన్న పుండులా ఉంటుంది. అందరికీ మచ్చ ఉండదు, అదీ నిజమే. కానీ ఉంటే మాత్రం ఇంకో పరీక్ష అక్కర్లేనంత గట్టి గుర్తు.

ఒకసారి శాంపిళ్ల కోసం ఆడవాళ్ల వార్డుకు వెళ్లాను. పల్నాడు వైపు నుంచి వచ్చిన పెద్దావిడ, తొమ్మిది రోజుల జ్వరం, కళ్లు ఎర్రగా, మాట మెల్లగా. కేసు షీటు నిండా పరీక్షలే. ఒంటి మీద పుండేమైనా ఉందా పెద్దమ్మా అంటే లేదంది. కొడుకు పక్కనే నిలబడి ఉన్నాడు, ఇంకేం చెబుతుంది? అతన్ని టీ తాగి రమ్మని పంపి, నర్సు తెర లాగింది. బొందు వదులు చేస్తే కుడి పక్కన, సరిగ్గా ముడి కింద, పెసరగింజంత నల్ల చెక్కు. “ఇదా? ఇది బొందు ఒరుసుకున్న మచ్చమ్మా, ఎప్పటిదో” అంది. ఎప్పటిదో కాదు, నెల కిందట గట్టు మీద గడ్డి కోసినప్పటిది కూడా కాదు, రెండు మూడు వారాల కిందటిది. ఆ చెక్కు అంచున చిన్న ముక్క తీసుకుంటే రక్తంలో దొరకని సూక్ష్మజీవి డీఎన్‌ఏ అందులో దొరుకుతుంది. ఆవిడ ముక్క ఆ సాయంత్రమే మా యంత్రంలో పెట్టాం. ఫలితం రాకముందే మాత్ర పడింది, అలాగే పడాలి కూడా.

మన వైద్యులు నాడి చూస్తారు, నాలుక చూస్తారు, స్టెతస్కోపు చీర మీంచే పెడతారు. మగ డాక్టరుకు మొహమాటం, ఆవిడకు సిగ్గు, బయట నలభై మంది క్యూ. నాకు అర్థమవుతుంది. కానీ తెర ఉంది, నర్సు ఉంది. వేలకు వేలు పోసి స్కానింగు తీయించే ముందు రెండు నిమిషాలు ఒళ్లు వెతకడానికి రూపాయి ఖర్చు లేదు. ఈ ఉత్తరం రాసిన మీలాంటి కోడళ్లూ కూతుళ్లూ ఇంట్లోనే చూడొచ్చు. ఐదు రోజులు దాటిన జ్వరమైతే స్నానం చేయించేటప్పుడు నడుం చుట్టూ, చంకల్లో, గజ్జల్లో వెతకండి, కనబడితే డాక్టరుకు మీరే చూపించండి.

రక్తపరీక్ష మీద మరీ ఆధారపడొద్దు. ఐజీఎం ఎలైజా అని చేస్తారు, మంచి పరీక్షే. కాకపోతే మొదటి వారంలో లేదని రావచ్చు, ఒంట్లో ప్రతిరోధకాలు తయారవ్వాలి కదా. లేదని వచ్చిందని మందు ఆపితే రెండో వారంలో ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు, ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతింటాయి. మనుషులు పోయేది అప్పుడే.

ఈ జ్వరానికి వాడే డాక్సీసైక్లిన్‌ను మన యల్లాప్రగడ సుబ్బారావుగారే కనిపెట్టారని మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నిజమేనా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, బాపట్ల

సగం నిజం మాస్టారూ, ఆ సగమూ తక్కువదేం కాదు. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు, అక్కడ బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త పనిచేసేవాడు. విశ్వవిద్యాలయంలో రిటైరై, 70 దాటాక చేరినవాడు. రకరకాల చోట్ల నుంచి మట్టి తెప్పించి జల్లెడ పట్టగా, మిస్సోరీ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ దొరికింది. 1948లో లోకానికి చెప్పారు. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొట్టమొదటిది, టైఫస్ జాతి జ్వరాలను లొంగదీసిన తొలి మందుల్లో ఒకటి. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు పోయారు, 53 ఏళ్లకే. డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలో తర్వాత పుట్టింది. ఫైజర్ రసాయనవేత్తలు తయారుచేశారు, 1967లో వాడుకలోకి వచ్చింది. కాబట్టి “ఆయన నడిపిన చోట పుట్టిన మందుకు ఇది తమ్ముడు” అని మీ గ్రూపులో రాయండి, తప్పుండదు.

అదే 1948లో మలయాలో (ఇప్పటి మలేసియా) స్మేడల్ అనే అమెరికన్ డాక్టరు బృందం క్లోరాంఫెనికాల్‌తో స్క్రబ్ టైఫస్ తగ్గించి చూపింది. అంతకు మూడు నాలుగేళ్ల ముందే రెండో ప్రపంచయుద్ధంలో బర్మా అడవుల్లో సైనికులు ఈ జ్వరంతో పడిపోతుంటే వైద్యుల దగ్గర పనిచేసే మందే లేదు.

మాత్ర గురించి రెండు మాటలు, ఇవి చీటీ మీద ఎవరూ రాయరు. డాక్సీసైక్లిన్ పెద్ద గ్లాసు నీళ్లతో, కూర్చుని మింగాలి, మింగి వెంటనే పడుకోకూడదు. గొంతు కింద గొట్టంలో ఇరుక్కుంటే పుండు పడుతుంది. ఐరన్ మాత్రతో, గ్యాస్ మందుతో కలిపి వేసుకోకూడదు. గర్భిణులకు సాధారణంగా అజిత్రోమైసిన్ ఇస్తారు. జబ్బు ముదిరి ఐసీయూ దాకా వెళ్లినవాళ్లకు ఏ మందు మేలన్న వాదన చాలా కాలం నడిచింది. వేలూరు సీఎంసీ వాళ్లు ముందుండి, దేశంలో ఏడు ఆసుపత్రుల్లో సుమారు 800 మంది మీద చేసిన పరీక్ష 2023లో అచ్చయింది. డాక్సీ, అజిత్రో రెండూ కలిపి నరానికి ఎక్కిస్తే ఏ ఒక్కదానికంటేనూ మెరుగని తేలింది. ఈ విషయంలో ప్రపంచానికి దారి చూపింది మనవాళ్లే.

మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. వచ్చే మే నెలలో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. వాళ్ల పెరట్లోకి జింకలొస్తాయట. “గడ్డిలో నడవొద్దు నాన్నా, లైమ్ వస్తుంది” అని ఇప్పటినుంచే కోడలూ కొడుకూ చెబుతున్నారు. అంత భయమా? ఇక్కడి నుంచి మందేమైనా పట్టుకెళ్లాలా?
— సత్యనారాయణపురం, విజయవాడ

మందు పట్టుకెళ్లనక్కర్లేదు. మీ కోడలు చెప్పింది విని నడుచుకోండి, చాలు. మీరు వెళ్లేదే ఆ గోమార్ల కాలానికి. అక్కడ జింకల మీద పెరిగే గోమారి ఒకటుంది. దాని పిల్లదశ మే నుంచి జులై వరకు ఎక్కువ, రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, కుట్టినా తెలియదు. ఊరటేమిటంటే, లైమ్ అనే ఆ జబ్బు మనకు ఎక్కడానికి గోమారి సాధారణంగా ఒక రోజుకు పైగా పట్టుకుని ఉండాలి. కాబట్టి పెరట్లోంచి వచ్చిన సాయంత్రం మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టు మొదట్లో వెతుక్కుంటే సగం పని అయిపోయినట్టే. వేసుకున్న బట్టలు డ్రయ్యర్లో బాగా వేడి మీద పది నిమిషాలు తిప్పితే గోమార్లు చస్తాయి. కుట్టినచోట కొన్ని రోజులకు ఎర్రటి వలయం పెరుగుతూ వస్తే అదే లైమ్ గుర్తు. అక్కడి పుస్తకాల్లో బొమ్మలన్నీ తెల్లటి ఒంటి మీద తీసినవి. మన ఒంటి రంగు మీద అంత ఎర్రగా కనబడదు, వెలుతురులో చూడాలి. గోమారి పట్టుకుందని తెలిస్తే మూడు రోజుల్లోపు డాక్టరుకు చూపించండి, ముందుజాగ్రత్తగా ఒకే ఒక్క మోతాదు డాక్సీ ఇస్తే సరిపోయే సందర్భాలున్నాయి. మళ్లీ అదే మాత్ర, చూశారా.

లైమ్ అన్నది కనెక్టికట్‌లో ఒక ఊరు. 1970ల్లో ఆ చుట్టుపక్కల పిల్లలకు మోకాళ్లు వాస్తుంటే, ఇంతమందికి ఒకేచోట కీళ్లవాతమేమిటని మొదట పట్టుబట్టింది తల్లులు. సూక్ష్మజీవి దొరికింది విలీ బర్గ్‌డోర్ఫర్ అనే స్విట్జర్లాండ్ మనిషికి. ఆయన మొంటానాలోని ల్యాబులో గోమార్ల పొట్టలు కోసి, మచ్చల జ్వరం తెచ్చే రికెట్సియా అనే సూక్ష్మజీవి కోసం వెతుకుతున్నాడు. అది లేదు. దాని బదులు అద్దం మీద స్క్రూలా మెలికలు తిరిగిన సన్నటి పోగులు కనిపించాయి. కుర్రతనంలో బాసెల్‌లో ఆయన డాక్టరేట్ చేసింది గోమారి లోపలి అలాంటి మెలికల సూక్ష్మజీవి మీదే, అందుకని పక్కన పెట్టెయ్యలేదు. 1982లో అచ్చయింది, సూక్ష్మజీవికి ఆయన పేరే పెట్టారు.

తిరుగు సంగతి ఒకటి మీకు ఎవరూ చెప్పి ఉండరు. విమానం దిగిన రెండు మూడు వారాల్లో అక్కడ జ్వరమొస్తే, ఫలానా దేశం నుంచి వచ్చాం, మా వైపు స్క్రబ్ టైఫస్ ఉంది అని మీరే నోరు తెరిచి చెప్పండి. అక్కడి డాక్టరుకు అది తట్టకపోవచ్చు.

మా పాప కుక్కతో పడుకుంటుంది. కుక్క చెవుల నిండా గోమార్లు. కిరసనాయిలు రాస్తే పోతాయంటారు, మా పనమ్మాయి గోళ్లతో నలిపేస్తుంది. పాపకు ప్రమాదమా?
— గృహిణి, తెనాలి

ముందు ఆ నలపడం ఆపించండి. గోమారి పొట్టలో ఉన్నది గోటి సందుల్లోకి, కంట్లోకి వెళ్లడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. కిరసనాయిలు, వేడి అగ్గిపుల్ల, సున్నం, అన్నీ వద్దు. దాన్ని అలా బాధపెడితే పోతూ పోతూ కుట్టినచోట కక్కుతుంది. సన్నమూతి చిమటాతో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని, మెలి తిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. తర్వాత సబ్బుతో కడగాలి.

మీరు చెప్పేది మన ఇళ్లలో మామూలుగా ఉండే గోధుమరంగు కుక్కగోమారి. దానికి కుక్కే ఇష్టం, మనిషిని తప్పనిసరైతేనే పడుతుంది. కుక్కలకు ఇది ఎర్లికియా అనే జబ్బు తెస్తుంది. తిండి మానేసి, ముక్కులోంచి రక్తం కారే కుక్కను ఆలస్యం చెయ్యకుండా పశువుల డాక్టరుకు చూపించాలి. మనుషులకు మచ్చల జ్వరం తేగలదు, అరిచేతులూ అరికాళ్ల మీద కూడా ఎర్రమచ్చలొస్తాయి. కాబట్టి కుక్కను శుభ్రం చేసేదాకా పాపను వేరే పడుకోబెట్టండి. కుక్కకు మందు వేయించి ఊరుకుంటే చాలదు. ఆడ గోమారి వేలల్లో గుడ్లు పెట్టేది కుక్క మీద కాదు, మీ గోడ పగుళ్లలో, తలుపు సందుల్లో.

పశువుల సంగతి అడిగిన దుగ్గిరాల రైతుకు కూడా ఇక్కడే చెప్పేస్తాను. మీ జెర్సీ ఆవుకు వచ్చింది గోమారి తెచ్చే రక్తమూత్ర వ్యాధే అయి ఉంటుంది. ఒంగోలు జాతికి గోమార్లు పట్టడం తక్కువ, జెర్సీ లాంటి సీమజాతికి ఎక్కువ. నిజానికి, పురుగు జబ్బు మోస్తుందని శాస్త్రం రుజువు చేసిన తొలి వ్యాధుల్లో ఇదొకటి. సికింద్రాబాదులో 1897లో రాస్ మలేరియా దోమ గుట్టు విప్పాడని మనం చెప్పుకుంటాం. దానికి నాలుగేళ్ల ముందే, 1893లో, అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు అక్కడ టెక్సాస్ జ్వరమని పిలిచే ఈ వ్యాధినే గోమారి తెస్తుందని రుజువు చేశారు. కిల్‌బోర్న్ పశువైద్యుడు. పశువుల కాపర్లు ఆ మాట అంతకుముందు నుంచే అంటున్నారు, ఎవరూ చెవిన పెట్టలేదు.

నేను బీఎస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. మీలాగా పరిశోధన చెయ్యాలని ఉంది. మీరు రోజూ ఏం చేస్తారో రాయగలరా? ప్రమాదం ఉండదా?
— విద్యార్థిని, గుంటూరు

రోజూ చేసేదానిలో ముప్పాతిక వంతు ట్యూబుల మీద నంబర్లు రాయడం తల్లీ. మిగతా పావు బాగుంటుంది, అది చెబుతాను.

సాయంత్రం ఊరి బయట ఎలుకబోనులు పెడతాం. ఎర ఎండుచేప, కొబ్బరిముక్క, ఒక్కోసారి బజ్జీ. గుంటూరు ఎలుకలు బజ్జీకి వచ్చినంత బాగా దేనికీ రావు. పొలాల్లో ఎలుకలు పట్టే యానాదుల దగ్గర కూర్చుని, ఏ కన్నంలో ఎలుక ఉందో, ఏది ఖాళీయో నేర్చుకున్నాను. అది ఏ పుస్తకంలోనూ లేదు. తెల్లారేసరికి పిల్లలు బోనుల చుట్టూ మూగుతారు, “ఎలుకల మేడమ్ వచ్చింది” అని. ఆ పేరు ఇప్పుడు మా ల్యాబులో కూడా స్థిరపడింది.

ఎలుకకు మత్తు ఇచ్చి తెల్లటి పింగాణీ పళ్లెం మీద పడుకోబెట్టి, ముందు చెవుల్లోకి చూస్తాం. చెవి డొప్ప లోపల నారింజరంగు పొడి అంటుకున్నట్టు ఉంటుంది. భూతద్దం పెడితే ఆ పొడి కదులుతుంది. అవే పిల్లనల్లులు, గుత్తులు గుత్తులుగా. తడి కుంచెతో ఒక్కొక్కటే తీసి సీసాలో వేస్తాం. గడ్డిలో ఉన్నవాటికి ఇంకో ఉపాయం: నల్లటి పలక నేల మీద పెట్టి కాసేపు ఆగితే, అవి పలక ఎక్కి అంచుల వెంట పరుగెడతాయి, నలుపు మీద కనబడతాయి. గోమార్లకైతే తెల్లటి ఫ్లానెల్ గుడ్డను గడ్డి మీద ఈడుస్తాం, ఏ జంతువో వచ్చిందనుకుని పట్టుకుంటాయి. తర్వాతదంతా ల్యాబు పని: ఏ జాతి, లోపల సూక్ష్మజీవి డీఎన్‌ఏ ఉందా, ఉంటే ఆ గట్టు కిందటి ఊళ్లో జ్వరం వచ్చినవాళ్ల చెక్కుల్లో దొరికిందీ అదేనా. ఈ చివరి ప్రశ్నకు అవునని వచ్చిన రోజున ఎవరికీ ఆకలి వెయ్యదు.

ప్రమాదం ఉంది. హోవర్డ్ రికెట్స్ అని ఒకాయన 1906లో మొంటానా లోయలో మచ్చల జ్వరాన్ని గోమారి తెస్తుందని చూపించి, 1910లో మెక్సికో నగరంలో టైఫస్ మీద పనిచేస్తూ అదే టైఫస్ తగిలి పోయాడు, 39 ఏళ్లకు. టైఫస్ మీదే పనిచేసిన ప్రొవాజెక్ అనే మరో శాస్త్రవేత్త 1915లో అలాగే పోయాడు. ఇప్పుడు ఈ సూక్ష్మజీవిని బతికించి పెంచాలంటే మూడో స్థాయి భద్రత ఉన్న ల్యాబు కావాలి, అందరూ చెయ్యకూడదు. పొలంలో మాకున్నది చేతి తొడుగులు, ప్యాంటు అంచులను సాక్సుల్లోకి దోపడం, ఒంటికి మందు. తిరిగొచ్చాక మేమూ ఒళ్లు వెతుక్కుంటాం.

చదువుకైతే పుదుచ్చేరిలో భారత వైద్య పరిశోధన మండలి వాళ్ల వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌లో కీటకశాస్త్రంతో ఎంఎస్సీ ఉంది, చూడు. పశువైద్యం చదివినవాళ్లూ ఈ రంగంలోకి బాగా వస్తారు, గన్నవరం కాలేజీ పిల్లలతో పనిచేస్తుంటే నాకే ఎన్నో తెలుస్తుంటాయి. ఒక షరతు: ఎలుకంటే అసహ్యం ఉంటే ఇప్పుడే మానుకో. భయం ఉంటే ఫరవాలేదు, పోతుంది.

బుడమేరు వరద తర్వాత మా వీధిలో చాలామందికి జ్వరాలొచ్చాయి. అవి ఇవేనా? (సింగ్‌నగర్)

2024 సెప్టెంబరు వరద లాంటి వాటి తర్వాత మొదట అనుమానించాల్సింది లెప్టోస్పైరోసిస్, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో నడిస్తే వచ్చేది. పిక్కలు పిండేసినట్టు నొప్పి, కళ్లు ఎరుపు, కామెర్లు. నీళ్లు తీసి గడ్డి మొలిచాక వచ్చేవాటిలో స్క్రబ్‌నూ చూసుకోవాలి. డాక్సీ రెండిటికీ పనిచేస్తుంది.

ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్లకు అంటుకుంటుందా? టీకా ఉందా? (చాలామంది)

అంటుకోదు. టీకా లేదు. ఒకసారి వచ్చినా మళ్లీ రావచ్చు.

కోతులు చచ్చిపోతే వచ్చే జ్వరం మన కొండపల్లి అడవిలో ఉందా? (ఇబ్రహీంపట్నం)

మీరనేది క్యాసనూరు అడవి జ్వరం. 1957లో కర్ణాటక శివమొగ్గ జిల్లాలో బయటపడింది, అదీ గోమారి తెచ్చేదే, వైరస్. పశ్చిమ కనుమల వెంట ఉంటుంది, కొండపల్లి దాని దారిలో లేదు. అయినా ఒకేచోట కోతులు వరసగా చచ్చిపడితే ముట్టుకోకుండా అటవీశాఖకు చెప్పండి.

మా గేదె మీది గోమారి వింతగా ఉంది. మీకు పంపమంటారా? (పొన్నూరు)

స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వేసి, ఏ తేదీన, దేని మీద దొరికిందో చీటీ అంటించి మీ ఊరి పశువుల ఆసుపత్రిలో ఇవ్వండి. ముందు ఫోన్లో ఫోటో తీయండి, పైనుంచి ఒకటి, పొట్టవైపు ఒకటి. పోస్టులో మాత్రం వద్దు. పోయిన నెల పత్రిక ఆఫీసుకు ఎవరో అగ్గిపెట్టెలో బతికున్నవే పంపారు, పెట్టె సగం తెరుచుకుని వచ్చింది. సబ్‌ఎడిటర్లు ఇంకా కుర్చీ దులుపుకుని గానీ కూర్చోవడం లేదట.